గోనెతెర వెనక యాభై అయిదు డిగ్రీలు

మా నాన్న నోటి నుంచి నాకు ఒక్క మాట కావలసి వచ్చింది. ఆస్తి కాదు, నగలు కాదు. నలుగురి ముందు, పోనీ ఒక్కరి ముందయినా, "ఈ మర కోసింది మా అమ్మాయి" అనాలి. అంతే. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ మాట కోసం చెవులు రిక్కించుకునే ఉన్నానంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు నడుస్తూ మధ్యలో కుడిచేతి గల్లీలోకి తిరిగితే మా షాపు. ముందు షాపు, వెనక రెండు గదుల ఇల్లు, రెంటికీ కలిపి ఒకటే కిరాయి. నాన్న కుర్రతనంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఒక ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి, తర్వాత సొంతంగా ఇనప కడ్డీని తిప్పుతూ చెక్కే ఒక పాత లేత్ మెషీన్ కొనుక్కున్నాడు. గల్లీలో అందరూ ఆయన్ని ఆంధ్రా మిస్త్రీ అనేవాళ్ళు. ఆయన చేసే పని ముఖ్యంగా ఒకటే. ఇనప కడ్డీ మీద మర కోయడం. నాన్న మర అనేదాన్ని గల్లీలో చూడీ అంటారు, నట్టు బోల్టు మీద తిరుగుతూ ఎక్కడానికి ఉండే ఆ మెలికలన్నమాట. కొత్త బోల్టు ఎక్కడయినా దొరుకుతుంది. పాత మెషీన్లకి సరిపోయే బోల్టు దొరకదు, కోయించుకోవాలి. దానికి ఊరంతా తిరిగి చివరికి మా నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గ్రైండర్ మీద మర కోసే టూల్ సాన పడుతుంటే ఉక్కు రజను ఎగిరి నాన్న కుడి కంట్లో పడింది. దవాఖానలో తీశారు. కట్టు విప్పాక కన్ను కన్నులాగే ఉంది, చూపు మాత్రం పొగ పట్టిన అద్దంలోంచి చూసినట్టయింది. ఎడమ కన్ను అంతకుముందే అంతంత మాత్రం. అమ్మ ఏడ్చింది. నాన్న ఏడవలేదు, అమ్మ నోరు మూయించాడు. "గట్టిగా ఏడవకు. కన్ను పోయిన మిస్త్రీ దగ్గరికి ఎవడొస్తాడే?" అన్నాడు. ఆ మాటతో మా ఇంట్లో అబద్ధం మొదలయింది.

ఎందుకంటే మర పనిలో కళ్ళే సగం పెట్టుబడి. మెలికకీ మెలికకీ మధ్య ఒక లోయ ఉంటుంది. ఆ లోయ ఎంత కోణంలో తెరుచుకుంటుందన్నదే అసలు సంగతి. ఇప్పుడొచ్చే మెషీన్లన్నిటికీ అరవై డిగ్రీలు. పాత ఇంగ్లండు మెషీన్లకి యాభై అయిదు, పైగా లోయ అడుగూ మెలిక శిఖరమూ గుండ్రంగా ఉండాలి. అరవై అంటే నాకు బళ్ళో చెప్పిన సమబాహు త్రిభుజం. యాభై అయిదుకి బళ్ళో ఒక పేరు కూడా లేదు. లేత్ మీద కోసే టూల్ మొనని ముందుగా ఆ కోణానికి సాన పట్టాలి. పట్టి, చేప తోకలా చీలిన ఒక సన్నటి రేకు ఉంటుంది, దాన్ని గేజ్ అంటారు, ఆ చీలికలో టూల్ మొన పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తి చూడాలి. అంచు పక్కనుంచి వెంట్రుకంత వెలుగు కారినా కోణం తప్పు. నాన్నకి ఆ వెలుగు కనబడటం మానేసింది.

"అమ్మాయ్, ఇలా రా. వెలుగొస్తోందా?" అని మొదటిసారి నన్ను పిలిచింది ఒక మధ్యాహ్నం. బడి నుంచి అప్పుడే వచ్చాను, చేతిలో సంచీ కూడా దించలేదు. "వస్తోంది నాన్నా, ఎడమ పక్కన, కింద" అన్నాను. ఆయన మళ్ళీ పట్టాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారికి ఆయన టూల్ నా చేతికిచ్చి వెనక నుంచుని, నా మోచెయ్యి పట్టుకుని గ్రైండర్ మీద ఆనించాడు. భయంతో కళ్ళు మూసుకున్నాను. "మూస్తే నీకూ నాకూ తేడా ఏముందే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేర్చుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగా నేర్చుకున్నాను. నాన్న నేల మీద సుద్దముక్కతో బొమ్మలు వేసి చెప్పేవాడు. బిగించి పట్టుకోవాలంటే వాలు మర. బరువు ఎత్తాలన్నా, నొక్కాలన్నా చదరపు మర, దానికి వాలు ఉండదు, గోడలు నిటారుగా ఉంటాయి. బరువు ఎప్పుడూ ఒకవైపు నుంచే పడేచోట రంపప్పళ్ళ మర, ఒక గోడ నిటారు, రెండో గోడ ఏటవాలు. ఒకవైపు బరువంటే ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. మా ఇంట్లో ఎన్నాళ్ళున్నానో అన్నాళ్ళూ అది నా మీదే ఉందని తర్వాత తెలిసింది.

కోసిన మర సరిగ్గా ఉందో లేదో చూడటానికి నాన్నది ఒక పద్ధతి. నట్టు ఎక్కితే చాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. "ఎక్కడం కాదు, ఆనాలి" అనేవాడు. బోల్టు మెలికల మీద పల్చగా మసి రాసి, నట్టు ఎక్కించి దింపి చూడాలి. మసి వాలు పొడుగునా సమానంగా చెరిగితే నట్టు నిండా ఆనినట్టు. కొసల్లో గీతలా చెరిగితే కోణం తప్పు, నట్టు వేలాడుతోందన్నమాట. మసి చేతులకంతా అంటుకుని అమ్మ తిడుతోందని నేను నా కాటుక డబ్బా తెచ్చి పెట్టుకున్నాను. నా వయసు పిల్లలు అబిడ్స్‌లో గాజులూ రిబ్బన్లూ కొనుక్కుంటుంటే నా కాటుకంతా బోల్టులకి పోయింది.

ఇక తెర సంగతి. షాపు ఇరుకుగా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉండేది. ముందు బల్ల, ఇనప ముక్కని బిగించి పట్టే వైసూ. వెనక గ్రైండరూ, లేతూ. నాన్న మధ్యలో గోనెపట్టా ఒకటి అడ్డం కట్టాడు. గిరాకీలు అడిగితే, నిప్పురవ్వలు మీద పడతాయని చెప్పేవాడు. నేను ఇంటి వెనక తలుపులోంచి వచ్చి తెర వెనక పని చేసి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని మళ్ళీ ఇంట్లోకి పోయేదాన్ని. నా కంటే రెండేళ్ళు చిన్న, మా తమ్ముడు, నాన్నతో ముందు కూచునేవాడు. మర పూర్తయ్యాక వాడు తెర వెనక్కి వచ్చి, డబ్బాలో ఉన్న ఆయిల్లో రెండు చేతులూ ముంచి, మెటికల దాకా పులుముకుని, నా చేతిలోంచి బోల్టు తీసుకుని బయటికి పోయేవాడు. ఆయిల్ పులుముకోవడం కూడా నాన్నే నేర్పాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూడండి, ఆ సామెతకి మా ఇంట్లో రోజూ ప్రదర్శన జరిగేది.

ఎందుకిలా అని అమ్మని అడిగాను. "ఆడపిల్ల లేత్ తిప్పుతోందంటే నవ్విపోరూ? రేపు నీకు పెళ్ళి కావద్దూ?" అంది. నాన్న కన్ను దాచాలి, నా చేతులు దాచాలి. రెండూ దాచడానికి ఒకటే తెర. మా నాన్న పొదుపరి.

అబిడ్స్‌లో పెళ్ళికార్డులు వేసే ప్రెస్సాయన ఒకాయన ఉండేవాడు. అందరూ సేఠ్ అనేవాళ్ళు. ఆయన దగ్గర కాగితాల కట్టల్ని ఒక్క వేటుకి కోసే పాత ఇంగ్లండు కటింగ్ మెషీన్ ఉంది. దాని కత్తిని బిగించే మూడు సూతుల బోల్టులు అరిగిపోయాయి. మా గల్లీలో సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ బోల్టులు నేను కోశాను. ఇంటర్ మొదటి ఏడాది. కాటుక చెరిగిన తీరు చూసి నాకే ముచ్చటేసింది, వాలంతా ఒకే మెరుపు. తమ్ముడు చేతులు ముంచుకుని పట్టుకుపోయాడు. తెర ఇవతల నుంచుని విన్నాను. సేఠ్ నట్టు ఎక్కించి వేలితో ఒక్కసారి చిమ్మినట్టున్నాడు, అది జర్రున తిరుగుతూ చివరిదాకా పోయిన చప్పుడు వినబడింది. "వాహ్ మిస్త్రీ, ఏం చూడీ కొట్టిండయ్యా! గీ చెయ్యి ఎవలిది?" అన్నాడు.

ఊపిరి బిగబట్టాను. గోనెపట్టాలో ఒక చిరుగు ఉంది. అందులోంచి చూశాను. నాన్న చెయ్యెత్తి తమ్ముడి భుజం మీద వేశాడు. "మావాడే" అన్నాడు.

ఆ రోజు అన్నం తినలేదు. ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు కూడా.

దసరా వస్తే లేత్‌కి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ఆ యాభై అయిదు డిగ్రీల గేజ్‌ని పళ్ళెంలో పెట్టేవాళ్ళం. కొబ్బరికాయ కొట్టాక నాన్న గేజ్ తీసి కళ్ళకద్దుకుని తమ్ముడి చేతిలో పెట్టేవాడు. మా షాపులో అది ఆనవాయితీ, గేజ్ ఎవరి చేతిలో పెడితే ఏడాదంతా పని వాళ్ళది. వాడు దండం పెట్టేవాడు. నేను హారతి పట్టుకుని నుంచునేదాన్ని. మర్నాడు మధ్యాహ్నం వాడు ఆ గేజ్ తెచ్చి, "ఇదిగో అక్కా" అని నా ముందు పడేసి క్రికెట్‌కి పోయేవాడు. వాడి మీద నాకు కోపం తక్కువే. వాడికి ఈ పని అక్కర్లేదు, పేరు కూడా అక్కర్లేదు. అక్కర్లేని వాడి ఒళ్ళో పోశారు. అదే నాకు ఎక్కువ మండేది.

డిగ్రీ అయింది, బీఈడీ అయింది, పెళ్ళయి హిమాయత్‌నగర్‌కి వచ్చాను. బళ్ళో లెక్కల టీచర్ని. షాపు తమ్ముడి చేతికి పూర్తిగా వెళ్ళింది. వాడు యాభై అయిదు టూల్ పట్టడం ఎన్నడూ నేర్చుకోలేదు. అన్నిటికీ అరవై పట్టేవాడు. మూడు సూతుల బోల్టుతో ఒక చిక్కుంది. ఇంగ్లండు మరకీ అరవై డిగ్రీల అమెరికా మరకీ అంగుళానికి మెలికలు అవే పదహారు. కోణం వేరయినా నట్టు హాయిగా ఎక్కుతుంది. వాడు కాటుకా పూయలేదు, మసీ పూయలేదు. "ఎక్కింది కదా" అని ఇచ్చేశాడు. ఎవరికి? నేను కోసినవి ఏళ్ళ తరబడి వాడి, అవి అరిగాక మళ్ళీ వచ్చిన ఆ ప్రెస్సాయనకే.

మాఘమాసం ముహూర్తాల రద్దీలో మెషీన్ అదురుకి ఆ నట్లు కాస్త కాస్తగా వదులయ్యాయి. కత్తి ఒక పక్కకి ఒరిగింది. ఎవరి వేలూ తెగలేదు, అది దేవుడి దయ. ఒక పెద్ద ఇంటి పెళ్ళికార్డులన్నీ ఏటవాలుగా తెగి, వధువు పేరు నిండుగా ఉండి వరుడి పేరు సగమే మిగిలింది. సేఠ్ ఆ కట్ట తెచ్చి షాపు బల్ల మీద కొట్టాడు. తమ్ముడేమో మన లేత్ అరిగిపోయిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

నాన్న నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఆదివారం ఓసారి రాగలవా? పప్పుచారు పెడుతోంది మీ అమ్మ" అన్నాడు. పప్పుచారుకి పిలిచాడు. పనికి పిలుస్తున్నానని అనడానికి కూడా నోరు రాలేదు. వెళ్ళాను. కొత్త చీర మీద పాత షర్టు తొడుక్కుని, టూల్ పట్టి, గేజ్ వెలుగుకెత్తాను. చత్వారం వచ్చినా నా కంటికి వెలుగు కనబడింది. డబ్బాలో ఆయిల్ వాసన మారింది, లేత్ పిడి మాత్రం నా అరచేతిని మరచిపోలేదు. బోల్టులు కోసి, హ్యాండ్‌బ్యాగులోంచి కాటుక తీసి రాశాను. వాలంతా చెరిగింది. సేఠ్ వచ్చాడు. నేను తెర వెనకే ఉన్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లిని, ఇంకా తెర వెనకే.

"అప్పుడు మావాడికి జ్వరం, అందుకే తేడా వచ్చింది" అన్నాడు నాన్న.

"ఔ, ఇప్పుడు మంచిగయింది మీవాడి చెయ్యి. గిట్లనే ఉండాలె" అన్నాడు సేఠ్.

ఆ సాయంత్రం నాన్నని మొహం మీదే అడిగాను. "నాన్నా, ఎన్నాళ్ళు? ఒక్కసారి చెప్పు. ఆ సేఠ్‌కే చెప్పు. నీ కన్ను సంగతి చెప్పద్దు, ఊరికే మా అమ్మాయి కోసిందని చెప్పు చాలు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడెందుకమ్మా. వాడి బతుకు దాని మీద ఉంది" అన్నాడు.

"మరి నాది?"

"నీకేం తక్కువ? టీచరువి" అన్నాడు. అమ్మ లోపల్నుంచి పప్పుచారు చల్లారిపోతోందని పిలిచింది. నేను తినకుండానే వచ్చేశాను. బస్సులో కూచుని, గోళ్ళలో ఇరుక్కున్న నల్లటి గీతలు చూసుకుంటూ ఏడ్చాను. కోపంతో ఏడ్చాను, దుఃఖం అని ఎవరయినా అంటే ఒప్పుకోను.

ఆ తర్వాత నాన్న మంచాన పడ్డాడు. సేవ చేశాను, చెయ్యలేదని ఎవరూ అనలేరు. చూడటానికి వచ్చినవాళ్ళతో ఆయన ఏదైనా అంటాడేమోనని, మందు కలిపే నెపంతో ఆ గదిలోనే తచ్చాడేదాన్ని. "మావాడు షాపు నిలబెట్టాడు" అనేవాడు. నిలబెట్టిన షాపులో అప్పటికే లేత్ మీద పట్టా కప్పి, బేగం బజార్ నుంచి తెచ్చిన రెడీమేడ్ బోల్టులు అమ్ముతున్నాడు మావాడు. నాన్న చివరి మాట మంచినీళ్ళు. అదీ నేనే పట్టాను.

పెద్దకర్మ నాడు షాపు ముందు షామియానా వేసి భోజనాలు పెట్టాం. గల్లీ అంతా వచ్చింది. పక్కన వెల్డింగ్ షాపాయన, నేను చిన్నప్పట్నుంచీ కాకా అని పిలిచే పెద్దమనిషి, నల్లగొండ వైపు నుంచి వచ్చి మాకంటే ముందే ఆ గల్లీలో స్థిరపడ్డవాడు, మొదటి పంక్తిలో కూచున్నాడు. నేను పప్పు వడ్డిస్తున్నాను. తమ్ముడు మంచినీళ్ళ జగ్గు పట్టుకుని నా వెనక ఉన్నాడు. కాకా పక్కనున్న ఎవరితోనో, "మిస్త్రీ షాపుల కొట్టిన చూడీ ఇప్పటికీ నా గ్యాస్ సిలిండర్ బండికి ఉన్నది. ఇంచు గూడ కదల్లే" అంటున్నాడు.

ఇక పట్టలేకపోయాను. గరిటె అలాగే పట్టుకుని, "కాకా, ఆ మర మా తమ్ముడు కోసింది కాదు. నేను కోశాను. అన్నీ నేనే కోశాను" అన్నాను. పంక్తిలో అందరూ తలలెత్తుతారనుకున్నాను. ఎవరూ ఎత్తలేదు.

కాకా నా వైపు వింతగా చూశాడు. "అరె, గది ఎవలికి ఎర్క లేదు బిడ్డా? గల్లీ మొత్తం ఎర్కే" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మీ నాయిననే చెప్తుండె. ఇరానీ హోటల్ల ఛాయ్ ముంగట కూసుంటే ఇంక అదే ముచ్చట. 'నా కన్ను పోతే దేవుడు మా అమ్మాయి కన్ను ఇచ్చిండు, దాని లెక్క చూడీ కొట్టేటోడు హైదరాబాద్‌ల లేడు' అని. నీ పరీక్షలప్పుడు గిరాకీలను మేమే ఆపుతుంటిమి. 'జర ఆగుండ్రి, పిల్లకు పరీక్షలున్నయ్' అని."

"ప్రెస్సు సేఠ్‌కి?"

"ఆయనకు అందరికన్న ముందుగాల తెలుసు. మంచిగ యాక్టింగ్ చేస్తుండె లే, నీ ముంగట."

నా ముందు. తెరకి ఇవతల నేను ఊపిరి బిగబట్టి నుంచుంటే, అవతల అందరూ కలిసి నాటకం ఆడారు. గీ చెయ్యి ఎవలిది అని ఒకడు అడగడం, మావాడే అని ఇంకొకడు చెప్పడం. జ్వరం, మంచిగయింది. ఇన్నేళ్ళు నాన్న పరువు కాపాడుతున్నానని మింగలేక కక్కలేక చచ్చింది నేనొక్కదాన్నే. ఆ మాట లేక కాదు. ఆయన నోట్లో ఆ మాట నిండుగా ఉంది. రోజూ ఛాయ్‌తో పాటు ఊరందరికీ పంచిపెట్టాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు కాకా? మీలో ఒక్కరయినా?"

కాకా నవ్వాడు. ఆయన నవ్వులో ఏ పాపమూ లేదు. "మీ నాయిననే వద్దనె గద. 'దానికి మాత్రం చెప్పకుండ్రి, ఎర్కయితే రేపు షాపు అడుగుతది' అంటుండె. నవ్వుకుంటనే అంటుండె లే, నువ్వు ఫికర్ చెయ్యకు. జర పప్పు వెయ్యి బిడ్డా."

పప్పు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు తల దించుకుని, ఇంకొకరి గ్లాసులో నీళ్ళు పోస్తున్నాడు. గ్లాసు నిండి పొర్లుతున్నా పోస్తూనే ఉన్నాడు. వాడికీ తెలుసు. లోపల కూచున్న అమ్మకీ తెలుసు. పంక్తి చివరిదాకా వడ్డించి, గిన్నె ఖాళీ అయితే మళ్ళీ నింపుకొచ్చి, రెండో పంక్తికి కూడా నేనే వడ్డించాను.

ఇంత కోపం వెళ్ళగక్కాను గనక నిజం కూడా చెప్పేస్తాను. నాన్న నన్ను తప్పు కొలవలేదు. ఆ మాట ఒక్కసారి నా చెవిన పడి ఉంటే, నేను షాపు అడిగి ఉండేదాన్ని.